పరాయోడు ఒప్పుకునే పైసలు

నిజమే బిడ్డా, 1991ల దేశం బంగారం కుదువబెట్టినం. నువ్వు ఫోన్ల చూసిన రీలు అబద్ధమేం కాదు. గని అండ్ల చెప్పినట్టు దేశం పరువు అమ్ముకున్నరనేది మాత్రం నేనొప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్తా. ముందుగాల్ల గా మంట జర ఎగదొయ్యి, పొగ కండ్లల్లకు కొడ్తాంది.

1991 కాడ మొదలువెడితే ముచ్చట సగమే సమజైతది. నా చిన్నప్పటి సంది చెప్పాలె. నిజాం రాజ్యంల మనకు వేరే రూపాయి ఉండె. హాలీ సిక్కా అందురు, మీద చార్మినారు బొమ్మ. ఇంగ్లీషోళ్ల రూపాయిని కల్దార్ అందురు. అంగట్ల గానీ, కచేరీల శిస్తు కట్టుడు గానీ అంత హాలీయే. గని బెజవాడ దిక్కు పోవాలన్నా, ఆడికెల్లి ఏమన్న సామాను తెప్పియ్యాలన్నా హాలీ నడవదు. కల్దార్ కావాలె. నూరు కల్దార్లకు హాలీ 116 రూపాయల చిల్లర. మా బాపు పొగాకు బేరానికి పోయేటప్పుడు సేటు కాడ హాలీలు మార్పిచ్చుకొని, కల్దార్లను ధోతి కొంగుకు ముడేసి నడుముల దోపుకునేటోడు. నాకు సమజ్ కాకపోయేది. గదీ వెండే, గిదీ వెండే, మరి మనది ఆడ ఎందుకు నడవదే అని అడిగితే, 'మన రాజు మాట మన పొలిమేర దాకనే రా' అన్నడు. బడికి పోయినోడు కాదు మా బాపు. గని నేను బ్యాంకుల చేరినంక చదివిన పుస్తకాలల్ల గూడ గింతకన్న ఎక్కువ ఏం లేదు.

దేశాల లెక్క గూడ గంతే. మన రూపాయలు నాసిక్‌ల ఎన్నన్న అచ్చు గుద్దుకోవచ్చు. గని నూనె అమ్మే అరబ్బోడు గా కాయితం తీసుకోడు, వానికి డాలర్లు కావాలె. గందుకే రిజర్వ్ బ్యాంకు కొన్ని పైసలు వేరే పెట్టి దాస్తది. డాలర్లు, పౌండ్లు, యూరోలు, యెన్లు. అయి నోట్ల కట్టలని అనుకునేవు, చానమట్టుకు గా దేశాల సర్కారు బాండ్లు. ఇంకింత బంగారం. దేశాలకు అప్పులిచ్చే ఐఎంఎఫ్ కాడ మన వాటా లెక్క కొంత, ఎస్‌డీఆర్‌లని కొంత ఉంటయ్, అయి ఖాతాల రాసుకునే అంకెలే. అన్నీ కలిపి విదేశీ మారక నిల్వలంటరు. టీవీల వారం వారం చెప్పేది గదే. పరాయోడు మారుమాట లేకుండ ఒప్పుకునే పైసలన్నట్టు.

గా నిజాం రాజుకు గూడ పొలిమేర అవుతలి పైసలు అవసరం వడ్డయ్. 1947ల ఇంగ్లీషోడు పోయినంక హైదరాబాదు ఇండియాల కలుస్తదా లేదా అని ఏడాది పైన లొల్లి నడిచింది. గా లొల్లిలనే నిజాం సర్కారు, ఇండియా రూపాయి మా రాజ్యంల చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది. తన ఖజానల ఉన్న ఇండియా సర్కారు బాండ్లు తీసి, 20 కోట్ల రూపాయలవి పాకిస్తాన్‌కు అప్పుగ ఇచ్చింది. ఢిల్లీకి మస్తు మండింది ఆడనే. రజాకార్ల ముచ్చట అందరు చెప్తరు, ఖజాన ముచ్చట ఎవ్వరు చెప్పరు. 1948 సెప్టెంబర్ 17న హైదరాబాదు ఇండియా ఫౌజుకు లొంగిపోయింది. 20 తారీఖు నాడు లండన్‌ల బ్యాంకుల నిజాం సర్కారు పేరు మీదున్న 10 లక్షల 7 వేల 940 పౌండ్లు పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతుల్లా ఖాతాలకు వొయినయ్. ఈడ రాజ్యం పోయి మూడొద్దులైంది, ఆడ పైసలు మారినయ్! నిజాం వారం దినాలకే, నా ఒప్పుకోలు లేకుండ జరిగింది, వాపస్ ఇయ్యమని తంతి కొట్టిండు. బ్యాంకు ఇటూ ఇయ్యలే, అటూ ఇయ్యలే. 1957ల హౌస్ ఆఫ్ లార్డ్స్ దాక వొయింది దావా. పాకిస్తాన్ వేరే దేశం, దాని మీద మా కోర్టుల కేసు నడవదన్నరు. ఇగ గా పైసలు ఆడనే మిత్తి మీద మిత్తి పెరుక్కుంట కూసున్నయ్. 2019 అక్టోబర్‌ల తీర్పు వచ్చేటాళ్లకు మూడున్నర కోట్ల పౌండ్లు. ఇండియా, నిజాం వారసులు గెలిచిండ్రు. నడుమ 71 ఏండ్లు. గా రాజు లేడు, గా హైకమిషనర్ లేడు, హాలీ సిక్కా గూడ లేదు.

అగో, నిజాం ఐదు టన్నుల బంగారం దేశానికి దానమిచ్చిండనే ముచ్చట గూడ విని ఉంటవు. 1965 యుద్ధం అప్పుడు శాస్త్రి సర్కారు గోల్డ్ బాండ్లు తెచ్చింది. నిజాం అండ్ల పెట్టింది 425 కిలోలు, ఆరున్నర శాతం మిత్తికి. దానం కాదు. గని 425 కిలోలు అంటే తక్కువనా?

గప్పుడు సర్కారు జనం మెడలల్ల ఉన్న బంగారం దిక్కు ఎందుకు చూసిందంటే, బయట చూపిచ్చేటందుకు తనకాడ ఎక్కువేం లేకుండె. 1963ల మొరార్జీ దేశాయి గోల్డ్ కంట్రోల్ తెచ్చిండు. 14 క్యారెట్లకు మించి నగ చెయ్యొద్దన్నరు. మన అవుసలోళ్ల కొలుములు ఆరిపోయినయ్, చాన మంది వేరే పనులకు వొయిండ్రు. జనం బంగారం కొనుడు ఆపిండ్రా? లేదు. దుబాయి కెల్లి దొంగతనంగ వచ్చుడు మొదలైంది. మా కాలం సినిమాలల్ల విలన్ల సూట్‌కేసు తెరిస్తే బంగారం బిస్కెట్లే. అయి సర్కారోళ్లు పట్టుకున్నయ్ పట్టుకున్నట్టు పెట్టెలల్ల పెట్టుకుంట వొయిండ్రు. గది యాది పెట్టుకో, ముంగట అక్కరకొస్తది.

ఇగ అసలు ముచ్చట. 1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ కువైట్ మీద వడ్డడు. నూనె ధర ఆకాశానికి ఎక్కింది. గల్ఫ్‌ల ఉన్న మనోళ్లు పంపే పైసలు ఆగినయ్. లక్షా 70 వేల మందిని విమానాలల్ల తోలుకొచ్చిండ్రు. మన వాడకట్టు పోరడొకడు గట్లనే వచ్చిండు. బాగ్దాద్ మీదికెల్లి అమ్మాన్‌కు, ఆడికెల్లి బొంబాయికి, ఆడికెల్లి రైల్ల. బ్యాగు అడుగుకు లుంగీల చుట్టి దినార్ల కట్ట తెచ్చిండు. లడాయికి ముందు ఒక్క దినారుకు 60 రూపాయల దాక వస్తుండె. తెల్లారి నా కౌంటర్ కాడికి వచ్చి, అటిటు చూసి, కట్ట నా ముంగట పెట్టిండు. ఒక నోటు తీసి ఎలుతురుకు పట్టిన. కాయితం మంచిగున్నది, నీళ్లగుర్తు మంచిగున్నది, నంబరు మంచిగున్నది. గని గా దినారు చెల్లదని సద్దాం ఎత్తేసిండాయె. తీసుకొమ్మని మాకు పైకెల్లి కాయితం రాలే. వాడు నోట్లను మళ్ల లుంగీల చుట్టుకుంట, 'కాకా, దొంగనోట్లా?' అని అడిగిండు. 'అసలుయే బిడ్డా, వాటి ఎనుక సర్కారే లేదు' అన్న. నాకు మా బాపు కొంగు ముడి యాదికొచ్చింది.

ఢిల్లీల గూడ గసొంటి కష్టమే నడుస్తాంది. 80లల్ల సర్కారు ఉన్నదానికన్న ఎక్కువ ఖర్చు వెట్టుకుంట, బయటి బ్యాంకులల్ల చిన్న గడువు బాకీలు చేసింది. విదేశాలల్ల ఉన్న మనోళ్లు మన బ్యాంకులల్ల డాలర్లు దాసుకుంటే, అయి గూడ వాడుకున్నది. మంచిగ నడిచినన్ని దినాలు ఎవ్వడేమనలే. లడాయి వచ్చినంక బాకీలిచ్చినోళ్లు మళ్ల గడువు ఇయ్యం అన్నరు, డాలర్లు దాసుకున్నోళ్లు తీసుకపోవుడు సురువు జేసిండ్రు. 1991 ఏప్రిల్ నుంచి జూన్ దాక, మూడు నెలలల్ల, గట్ల 95 కోట్ల డాలర్లు వొయినయ్. జనవరిలనే ఐఎంఎఫ్ కాడ 180 కోట్లు తెచ్చిండ్రు, ఎండకాలం దాటలే. వి.పి. సింగ్ సర్కారు పడిపోయె. చంద్రశేఖర్ వచ్చె, నిండు బడ్జెట్ పెట్టకుండనే మార్చిల రాజీనామ ఇచ్చె. ఎలక్షన్లు. మే 21న రాజీవ్ గాంధీని చంపిరి.

మేం ఊళ్లల్ల పోలింగు ముచ్చట్లల్లనే ఉంటిమి. గని బ్యాంకుల కూసున్నోనికి ఏదో వాసన తలుగుతాంది. అప్పటికి నేను హైదరాబాదు బ్రాంచిల ఉన్న. బయటికెల్లి సామాను తెప్పియ్యాలంటే పూచీకత్తుగ సామాను ధరకు రెండింతలు నగదు బ్యాంకుల కట్టాలని ఆర్డరొచ్చింది. నూరు రూపాయల సామానుకు రెండొందలు ముందుగాల్ల మా కాడ పెట్టాలె! ఒక మందుల కంపిని మనిషి ఆర్డరు కాయితం రెండుసార్లు చదివి, 'ఇది మార్జినా, జుర్మానానా' అన్నడు. మాది ఏముందయ్యా, రాసినట్టు చేసుడే.

గప్పుడే స్టేట్ బ్యాంకు, సర్కారు కాడున్న 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ యూబీఎస్ బ్యాంకుకు ఇచ్చి 20 కోట్ల డాలర్లు తెచ్చింది. తర్వాత మళ్ల కొనుక్కుంటమనే షరతు మీద. ఏం బంగారం గది? గా పట్టుకున్న బంగారమే. గా విలన్ల బిస్కెట్లే! గోల్డ్ కంట్రోల్ వల్ల దేశానికి ఒరిగింది ఏదన్న ఉంటే గదొక్కటే అని నేననుకుంట. గా చట్టాన్ని గూడ 1990లనే ఎత్తేసిరి.

జూన్ 21న మన వంగర పీవీ ప్రధానైండు. ఎలక్షన్ల నిలబడనే లేదాయన, బుక్కులన్ని సర్దుకొని హైదరాబాదుకు వచ్చుడే తరువాయన్నట్టు ఉండె. మనూళ్ల పటాకలు కాల్చిండ్రు. ఆయన ముంగటికి వచ్చింది మాత్రం ఖాళీ గల్ల. చేతుల ఉన్న డాలర్లు మూడు వారాల సామాను కొననీకె సరిపోతయ్, గంతే. ఆర్థిక మంత్రిగ మన్మోహన్ సింగ్‌ను తెచ్చుకున్నడు. జూలై 1న రూపాయి ధర దించిండ్రు, 3 తారీఖు ఇంకొకసారి దించిండ్రు. డాలరుకు 21 చిల్లర ఉన్నది 26 కాడికి వచ్చింది. మొదటిసారి దించంగనే లొల్లి లేసింది. పీవీకి మనసున వట్టక, రెండోది ఆపమన్నడు. మన్మోహన్ పొద్దుగాల రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నర్ రంగరాజన్‌కు ఫోన్ జేసేటాళ్లకు ఆయన అప్పటికే ప్రకటిచ్చిండట. ఆలస్యమయ్యుడే మంచిదైంది.

గని రూపాయి దించంగనే డాలర్లు వచ్చి వడవు గదా. దినాం బాకీల గడువులు మీదికొస్తానయ్. ఒక్క వాయిద తప్పినా దేశం దివాళ అని పేరు వడ్తది, ఇగ ఎవ్వడియ్యడు. గప్పుడు రిజర్వ్ బ్యాంకు సొంత బంగారం తీసింది. ఇంగ్లండు బ్యాంకు, జపాన్ బ్యాంకు కలిసి 40 కోట్ల 50 లక్షల డాలర్లు ఇస్తమన్నరు. షరతొక్కటే, బంగారం లండన్‌ల మా కొట్టుల పడాలె.

'మన రిజర్వ్ బ్యాంకుల భద్రంగ ఉన్నది, కాయితం రాసిస్తం' అంటే ఎందుకు వినలే అని అడుగుతవు. మీ నాయనమ్మ గుండ్లదండ కుదువబెట్టిన ముచ్చట చెప్తా విను. కరువు సాలు. బాయి మోటరు కాలింది, మక్క ఎండుతాంది. నా జీతం నెలాఖరుకు గని రాదు. దండ తీసుకొని ఇద్దరం సేటు దుకాన్ల కూసున్నం. సేటు ఒక్క గుండును గీటురాయి మీద గీకిండు, పచ్చటి గీత వడ్డది. దాని మీద తేజాబు చుక్క ఏసి చూసిండు. గీత చెదరలే. చిన్న తక్కెడల దండను పెట్టి, లక్కను తీసేసి తూకం చెప్పిండు. ఎర్రబట్ట ఖాతాల రాసిండు, చిట్టీ ఇచ్చిండు, దండను గుడ్డల చుట్టి ఇనుప పెట్టెల పెట్టి తాళమేసి, గప్పుడు పైసలు లెక్కవెట్టిండు. తాళమెయ్యకముందు ఒక్క పైస గూడ బయటికి రాలే. నేను బ్యాంకు క్యాషియర్నని, గవర్నమెంటు జీతమసొంటి జీతమని సేటుకు మంచిగ ఎరికే. అయినా సరే. బయటికి వచ్చినంక నేను మొకం దించుకొని నడుస్తాన. మీ నాయనమ్మ, 'అందుకే గదా చేపిచ్చుకున్నది' అన్నది. గంతే. మోటరు తిరిగింది, మక్క చేతికచ్చింది, దండ మళ్ల మెడకు వచ్చింది.

లండనోడు గూడ సేటే. చూసి, తూకమేసుకొని, తాళమేసుకొని గని ఇయ్యడు. ఇంకో చిక్కుండె. రిజర్వ్ బ్యాంకు చట్టంల, నోట్లకు పూచీగ పెట్టిన బంగారంల ఇరవైల పదిహేడు వంతులు దేశంలనే ఉండాలని రాసున్నది. అంటే నూటికి పదిహేను మించి గీత దాటొద్దు. ఆ లెక్క చూసుకొని 47 టన్నులకు జర తక్కువ తీసిండ్రు. జూలై 4 నుంచి 18 దాక నాలుగు విడతలు బొంబాయి కెల్లి విమానంల వొయింది. ఒక బండి విమానాశ్రయం తొవ్వల చెడిపోయి ఆగిందట. చుట్టు తుపాకులోళ్లు, లోపట దేశం బంగారం, నడి రోడ్డు మీద! చుట్టుపట్ల జనానికి అండ్ల ఏమున్నదో తెల్వదు. గా బండి ఎక్కి ఉన్న ఆఫీసర్ల పానం ఎట్లుండెనో! మన రాజంపేట దిక్కు వై.వి. రెడ్డి గప్పుడు ఢిల్లీల ఆర్థిక శాఖల గీ బాకీల లెక్కల కాడనే ఉండె. తర్వాత రిజర్వ్ బ్యాంకుకే గవర్నరైండు. గప్పటి సంది బంగారం, డాలర్ల విషయంల ఆయనకు ఉన్న జాగ్రత్త ఊకె రాలేదు.

అంతా రహస్యమే అనుకున్నరు. జూలైల ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌ల శంకర్ అయ్యర్ రాసి బయటపెట్టిండు. ఇగ చూడు లొల్లి! ఛాయ్ హోటళ్లల్ల, బస్సులల్ల గదే ముచ్చట. ఆడోళ్లు పుస్తెలతాడు అమ్ముకున్నట్టైందని కండ్లల్ల నీళ్లు తీసుకున్నరు. మా బ్రాంచిల ముసలి కస్టమరొకాయన నన్ను పట్టుకొని తిట్టిండు, నేనే మోసుకపోయి ఇచ్చినట్టు.

తిట్టేటోళ్లను నేను తప్పు వట్ట. గని గాళ్లు తప్పు జాగల సిగ్గువడ్డరు. బంగారం పంపిన నాడు కాదు, 80లల్ల తీర్చే తొవ్వ లేకుండ చిన్న గడువు బాకీలు చేసిన నాడు సిగ్గువడాలె. గప్పుడు మాత్రం అందరు చప్పట్లు కొట్టిరి, కలర్ టీవీలు కొనుక్కున్నరు, నేను గూడ కొన్న. గా బంగారం మంచి దినాలల్ల అల్మారిల చూసుకొని మురువనీకె కాదు గదా ఉన్నది. ఒక్క వాయిద తప్పకుండ దేశం బయటవడ్డది. జూలై 24న మన్మోహన్ బడ్జెట్ పెట్టిండు, లైసెన్సుల రాజ్యానికి గండి వడ్డది. ఏడాది తిరక్కముందే బాకీ కట్టి బంగారం విడిపిచ్చిండ్రు. నవంబర్‌ల పీవీ నంద్యాల కెల్లి ఐదు లక్షల పైచిలుకు మెజార్టీతోని గెలిచిండు. తెలుగోడు ప్రధానైండని ఎన్టీఆర్ తన పార్టీ తరఫున ఎవ్వర్ని నిలబెట్టలే. ఇప్పుడైతే గసొంటిది జరుగుతదా, నువ్వే చెప్పు.

విడిపిచ్చిన బంగారం ఎంటనే ఇంటికి తెచ్చిండ్రా అంటే, లేదు. లండన్‌ల ఇంగ్లండు బ్యాంకు కొట్లనే ఉంచిండ్రు. 2009ల మన ఏలూరు దువ్వూరి సుబ్బారావు గవర్నరుగ ఉన్నప్పుడు ఐఎంఎఫ్ కాడ 200 టన్నులు కొన్నరు, 670 కోట్ల డాలర్లకు. అమ్మబోయిన దేశం పద్దెనిమిదేండ్లకు కొనబోయింది. గా నాడు పేపర్ల చూసి, తిట్టిన ముసలాయన ఉంటే బాగుండునని అనుకున్న.

ఇగ నువ్వు చూసిన రీల్ల రెండో ముచ్చట, బంగారమంత ఎందుకు తిరిగి తెస్తానరని. 2022ల రష్యా ఉక్రెయిన్ మీదికి పోయినప్పుడు, పడమటి దేశాలు తమ కాడ ఉన్న రష్యా నిల్వలకు తాళమేసినయ్. ఇంచుమించు 30 వేల కోట్ల డాలర్లు! అయి రష్యావే, గని తాళంచెవి రష్యా చేతుల లేదు. నిజాం పౌండ్లసొంటి ముచ్చటే, కాకపోతే గప్పుడు కోర్టు తీర్పు గూడ లేదు. ఎవరికి ఏం పాఠం అర్థమైందో గని, మన రిజర్వ్ బ్యాంకు 2023–24ల లండన్ కెల్లి 100 టన్నులు తెచ్చింది, 2024ల దసరా లోపట ఇంకో 102 టన్నులు తెచ్చింది. 2025 మార్చి నాటికి దేశానికి 880 టన్నుల దాక ఉంటే, 512 టన్నులు ఈడనే ఉన్నది, బొంబాయిల, నాగపూర్ల.

మిగిలింది గూడ తెచ్చెయ్యాలంటరు కొందరు. నేనైతే అనను. 1991ల లండన్‌ల ముందుగాల్లనే 50 టన్నులు పడి ఉండి ఉంటే, బండి అక్కరుండకపోవు, విమానం అక్కరుండకపోవు, రాత్రికి రాత్రి తుపాకులోళ్లను పెట్టే పనుండకపోవు. ఒక్క కాయితం మీద సంతకంతోని అయిపోవు. బంగారం అమ్మాలన్నా, కుదువబెట్టాలన్నా పొద్దుగూకేలోపట అయ్యే బజారు లండనే, నాగపూరు కాదు. అట్లని అంత ఆడ పెడితే ఏమైతదో రష్యాను అడుగు. కొంత ఈడ, కొంత ఆడ, ఎంత ఎంతనేది ఢిల్లీల, బొంబాయిల కూసున్నోళ్లు ఏటేట కొట్లాడుకొని తేల్చుకోవాల్సిందే. మీ నాయనమ్మ మాత్రం గుండ్లదండను ఇప్పటికీ బ్యాంకు లాకర్ల పెట్టనియ్యది, ముప్పై ఏండ్లు గా బ్యాంకుల నేనే పనిచేసిన గదా అన్నా వినది.